పదేళ్లు దాటిన హ్యాచ్‌బ్యాక్‌లు: మీ బళ్లు ఎలా ఉన్నాయి?

కొత్తపేట_కుర్రాడు:
మా నాన్న 2010లో కొన్న పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ (వెనక విడిగా డిక్కీ పొడుచుకు రాని చిన్న కారు) ఇంకా మా దగ్గరే ఉంది. తిరిగింది 68,000 కిలోమీటర్లే. కోవిడ్ రెండేళ్లూ దాదాపు గేటు దాటలేదు. ఇప్పుడు పదిహేనేళ్లు నిండి ఆర్‌సీ రెన్యువల్‌కి వచ్చింది. మెకానిక్ సస్పెన్షన్ రబ్బర్లు, ఏసీ కూలింగ్ కాయిల్, క్లచ్ పనులు చెప్పి 45 వేలు అన్నాడు. అమ్మితే లక్ష కూడా వచ్చేలా లేదు. ఇంత తక్కువ తిరిగిన బండికి ఇన్ని పనులెందుకు వస్తాయో నాకు అర్థం కావట్లేదు. నాన్నకి అమ్మడం ఇష్టం లేదు. పాత బళ్లు నడుపుతున్నవాళ్లు మీ అనుభవం చెప్పండి.

బెజవాడ_బండి:
తమ్ముడూ, తక్కువ తిరగడం వల్లే వచ్చాయి. నాది 2008 మోడల్, 2,30,000 కి.మీ. దాటింది. రోజూ విజయవాడ నుంచి గుంటూరు వెళ్లొస్తాను. ఇంజిన్ ఇంతవరకు విప్పలేదు. హైవే మీద ఒకే వేగంతో పోయే బండికి అరుగుదల తక్కువ. నిలబెట్టిన బండికి రబ్బరు ఎండిపోతుంది, బ్యాటరీ దిగిపోతుంది, బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. మీటరు తిరగకపోయినా ఇవి మాత్రం ఆగవు.

డాష్‌బోర్డులో ఒక నోట్‌బుక్ పెట్టుకుని ప్రతి పనీ రాసుకుంటాను. ఇప్పుడే తీసి చూశా: క్లచ్ ప్లేటు రెండుసార్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు (సస్పెన్షన్ రబ్బర్లు) మూడుసార్లు, ఇంజిన్ మౌంటింగులు (ఇంజిన్‌ని పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు) ఒకసారి, బ్యాటరీ నాలుగు. మౌంటింగులు మార్చే ముందు సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్ చేతిలో గిలగిలా కొట్టుకునేది. ఇంజిన్ పోయిందేమోనని టెన్షన్ పడ్డాను. తీరా చూస్తే పిడికెడు రబ్బరు ముక్క.

ఇంజిన్ వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా తిప్పేది నీ బండిలో టైమింగ్ బెల్టా, చైనా చూసుకో. బెల్ట్ అయితే మాన్యువల్‌లో కిలోమీటర్లతో పాటు ఏళ్ల లెక్క కూడా ఉంటుంది. 68 వేలే కదా అని వదిలేయకు. అది నడుస్తుండగా తెగితే చాలా ఇంజిన్లలో వాల్వులు వంగిపోతాయి. అప్పుడు 45 వేలతో అయ్యే పని కాదు.

గాజువాక_గాలి:
విశాఖలో మా బళ్లకి అసలు శత్రువు ఉప్పుగాలి. మాది పన్నెండేళ్ల బండి, ఇంజిన్ కొత్తదానిలా ఉంది. పోయిన వానాకాలంలో వెనక డోర్ తీస్తే లోపల నీళ్ల చప్పుడు వినిపించింది. డోర్ అడుగున నీళ్లు పోవడానికి సన్నటి రంధ్రాలుంటాయి కదా, అవి మట్టితో పూడుకుపోయాయి. కింద అంచు బొటనవేలితో నొక్కితే అప్పడంలా విరిగింది. పైన పెయింట్ మాత్రం మెరుస్తోంది! అప్పటి నుంచి ప్రతి వానాకాలం ముందు కొబ్బరి పుల్లతో ఆ రంధ్రాలు శుభ్రం చేస్తున్నాను. కిందకి అండర్‌బాడీ కోటింగ్ కూడా వేయించాను.

కొత్తపేట తమ్ముడూ, పని చేయించే ముందు బండిని లిఫ్ట్ ఎక్కించి ఛాసిస్ (అడుగు చట్రం), సస్పెన్షన్ బిగించే చోట్లు చూడు. అక్కడ తుప్పు లేకపోతే మిగతావన్నీ మార్చుకోగలిగినవే. అక్కడ తుప్పు పట్టి ఉంటే ఒక్క రూపాయి కూడా పెట్టొద్దు.

సుచిత్ర_సర్కిల్:
నా అనుభవం ఇంకోలా ఉంది. పిల్లల్ని బడిలో దింపడం, కూరగాయలు, మళ్లీ ఇల్లు. రోజుకి ఆరు కిలోమీటర్లు. ఇంజిన్ సరిగ్గా వేడెక్కేలోపే ఆపేస్తాను. తొమ్మిదేళ్లలో 40 వేలు కూడా తిరగలేదు, కానీ సైలెన్సర్ లోపల్నుంచి తుప్పు పట్టి చిల్లు పడింది. మా మెకానిక్ బాబాయ్ చెప్పింది ఒకటే: "అమ్మా, వారానికోసారి ఔటర్ రింగ్ రోడ్డు మీద అరగంట తిప్పు." అలా మొదలుపెట్టాక పొద్దున్నే స్టార్ట్ అవడంలో తేడా తెలుస్తోంది. ఆయిల్ మాత్రం కిలోమీటర్ల కోసం ఆగకుండా ఏడాదికోసారి మార్పిస్తాను.

ఎలుకల సంగతి కూడా చెప్పాలి. సెల్లార్‌లో వారం పెట్టి ఊరెళ్లొస్తే వైరింగ్ కొరికేశాయి. ఆ రిపేరు ఖర్చు నాకు క్లచ్ కంటే ఎక్కువైంది.

తెనాలి_మేష్టారు:
మా మేనల్లుడి దగ్గర 1998 మారుతి 800 ఇప్పటికీ తిరుగుతోంది. ఆ మోడల్ 1983 డిసెంబరులో రోడ్డెక్కింది, 2014 జనవరిలో తయారీ ఆగింది. అయినా ఆటోనగర్‌లో వెతికితే సామాను దొరుకుతుంది. బండి ఆయుష్షు సగం అక్కడే తేలుతుందని నా నమ్మకం. షెవర్లే 2017 చివర్లో మన దేశంలో అమ్మకాలు ఆపింది, ఫోర్డ్ 2021లో ఇక్కడ తయారీ ఆపుతున్నట్టు ప్రకటించింది. పాత బండి కొనాలనుకునేవాళ్లు ముందు ఆటోనగర్ వెళ్లి హెడ్‌లైట్, బంపర్, సెన్సర్లు దొరుకుతాయా అని అడిగి రండి. ఇంజిన్ బాగున్నా ఒక్క వస్తువు దొరక్క నెలల తరబడి బండి షెడ్డులో ఉంటే ఇంట్లో అందరికీ ఇబ్బందే.

బాబూ, కేంద్రం 2022 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన కార్ల రెన్యువల్ ఫీజును 600 నుంచి 5,000 రూపాయలకు పెంచింది. అదీ, పాత బళ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్సూ లెక్కలో వేసుకో. రెన్యువల్ అయితే మళ్లీ ఐదేళ్లు.

కొత్తపేట_కుర్రాడు:
అందరికీ థాంక్స్. మాది చైన్ ఇంజినేనని మెకానిక్ చెప్పాడు. ఇంకో సందేహం: ఇప్పుడొచ్చే ఈ20 పెట్రోల్ (20 శాతం ఇథనాల్ కలిపినది) పాత బండికి పడుతుందా?

బెజవాడ_బండి:
లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువ. అంచేత మైలేజ్ కొంత తగ్గడం మామూలే. నాకు లీటరుకి కిలోమీటరు దాకా తగ్గింది. పాత బండిలో చూడాల్సింది ఫ్యూయల్ పైపులు, సీళ్లు. అప్పటి రబ్బరు ఇంత ఇథనాల్‌ని దృష్టిలో పెట్టుకుని చేసింది కాదు. బానెట్ ఎత్తితే పెట్రోల్ వాసన వస్తే వెంటనే పైపులు మార్పించు. ఈ ఒక్క విషయంలో రేపు చూద్దాం అనుకోవద్దు.

టైర్ల మీద అవి ఎప్పుడు తయారయ్యాయో చెప్పే నాలుగు అంకెలు కూడా చదువు. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం.

కొత్తపేట_కుర్రాడు:
ఇప్పుడే కిందికెళ్లి చూశాను. నాలుగింటి మీదా 2316. అంటే 2016, ఇరవై మూడో వారం. గాడి నిండుగా ఉంది కాబట్టి బాగున్నాయనుకున్నాం. సెల్‌ఫోన్ లైటు వేసి చూస్తే పక్కల మీద జుట్టంత సన్నటి పగుళ్లు. పోయిన నెలే ఈ టైర్లతో అమ్మానాన్నల్ని యాదగిరిగుట్ట తీసుకెళ్లాను.

గాజువాక_గాలి:
ముందు అవి మార్చు తమ్ముడూ. ఏసీ తర్వాత చూసుకోవచ్చు. స్టెప్నీ కూడా చూడు, అది ఇంకా పాతది అయ్యుంటుంది.

కొత్తపేట_కుర్రాడు (పది రోజుల తర్వాత):
స్టెప్నీ 2010దే, బండితో వచ్చినది. ఐదూ మార్చాం. లిఫ్ట్ ఎక్కించి చూశాం, అడుగున తుప్పు లేదు. సస్పెన్షన్ రబ్బర్లు వేయించాక నాన్న నడిపారు. ఎల్బీనగర్ వైపు గతుకుల్లో కూడా ఇదివరకటి టకటక చప్పుడు లేదు. ఉంచుకుంటున్నాం. ఆర్టీఏ స్లాట్ వచ్చే గురువారం. ఏసీ వేసవికి ముందు. డోర్ల బీడింగ్ రబ్బర్ ఎండి ఊడిపోతోంది, హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతుంది?

సుచిత్ర_సర్కిల్:
రాణీగంజ్‌లో అడుగు తమ్ముడూ. పాత బీడింగ్ ముక్క కోసి వెంట తీసుకెళ్లు, మోడల్ పేరు చెబితే ఒక్కోసారి వేరే సైజు ఇస్తారు.