కార్కసోన్ కోట: అమ్మానాన్నలతో ఒక్కరోజు సరిపోతుందా?

టులూజ్‌వాసి:
వచ్చే నెల అమ్మానాన్న టులూజ్ వస్తున్నారు, ఒకరోజు ఇక్కడికి దగ్గర్లో, దక్షిణ ఫ్రాన్స్‌లోనే ఉన్న పాత కోట ఊరు కార్కసోన్ తీసుకెళ్దామనుకుంటున్నా. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఇద్దరూ ప్యూర్ వెజ్. గోల్కొండలాగా మెట్లెక్కాలా? టికెట్ కూడా ఒకరు ఉందంటారు, ఇంకొకరు ఫ్రీ అంటారు.

బురుజు బాబాయ్:
ఇద్దరూ కరెక్టే. కోట లోపల ఊరుంది కదా, వీధులు, సెయింట్ నజేర్ చర్చి అన్నీ ఫ్రీ, కౌంట్ (అప్పటి ప్రభువు) గారి కోటలోకెళ్ళి గోడల మీద నడవాలంటేనే టికెట్. అమ్మగారికి ఆ టికెట్ దండగ, పైన అంతా మెట్లే. టులూజ్ నుంచి ట్రైన్ గంట లోపే. స్టేషన్ నుంచి రెండు కిలోమీటర్లు, నేనైతే పాత వంతెన మీదుగా నడిచి ఓడ్ గేటు వైపు ఎక్కా, ఆ ఎత్తుకి నాకే ఆయాసం వచ్చింది, మీరు మాత్రం ట్యాక్సీలో నార్బోన్ గేటు దగ్గర దిగండి. రెండు ప్రాకారాల మధ్య వెడల్పాటి ఖాళీ స్థలం ఉంటుంది, అక్కడ మెట్ల గొడవ లేదు, తలెత్తితే రెండువైపులా బురుజులే, మొత్తం 52 అట.

పాతరాయి:
లోపల మెయిన్ వీధి మన జాతరే, ప్లాస్టిక్ కత్తులూ డాళ్ళూ. బురుజుల మీద ఆ కోసు టోపీల్లాంటి పైకప్పులు చూసి వెయ్యేళ్ళ నాటివి అనుకోకండి, 1853లో మొదలైన రిపేర్లలో వియోలె-లె-డ్యూక్ అనే ఆర్కిటెక్ట్ పెట్టించినవి. ఉత్తర ఫ్రాన్స్ పద్ధతి పలకరాయి ఇక్కడెందుకని అప్పట్నుంచీ తిట్లే. కాకపోతే 1849లో గోడలు కూలగొట్టేయమని గవర్నమెంటే ఆర్డరేసింది, జనం గోల చేయబట్టి ఆగింది, కాబట్టి నేను ఎక్కువ తిట్టను.

పులిహోర బాక్స్:
తిండి సంగతి ఎవరూ చెప్పలేదేంటి! అక్కడ ఫేమస్ కసూలే, మట్టి మూకుట్లో తెల్ల చిక్కుడు గింజలు పైన ఎర్రగా పెచ్చు కట్టి వస్తుంది, చూస్తే మన గింజల కూరే అనిపిస్తుంది కానీ బాతు, పంది సాసేజ్ అన్నీ అందులోనే. ముక్కలు తీసేసి ఇమ్మని అడిగా, నవ్వాడు. ఇంట్లోంచి పులిహోర కట్టుకెళ్ళండి.

నార్బోన్ గేటు దగ్గర కార్కస్ రాణి బొమ్మ ఉంటుంది, అమ్మగారికి కథ చెప్పండి: ఫ్రాంకుల రాజు షార్లమేన్ ముట్టడిస్తే తిండి అయిపోయింది, మిగిలిన ఒక్క పందికీ గోధుమలు మేపి గోడ మీంచి విసిరేసిందట, ఇంకా ఇంత తిండుందా అని వాళ్ళు వెళ్ళిపోయారట. కథే లెండి, చరిత్ర కాదు.

టులూజ్‌వాసి:
థాంక్సండీ అందరికీ. నాన్నకీ నాకూ రెండు టికెట్లు, అమ్మకి కింద బెంచీ, పులిహోర డబ్బా. పంది కథ మాత్రం భోజనాలయ్యాకే చెప్తా 😀