కలకత్తాలో శుక్రవారం నుంచి సోమవారం దాకా: అత్తయ్యకి గుళ్ళు, పిల్లలకి నది కింద మెట్రో, ఎలా కుదురుతుంది?

బరంపురం కోడలు:
అందరికీ నమస్తే. డిసెంబరు రెండో వారంలో ఇంటిల్లిపాదీ ఒడిశా బరంపురం నుంచి కలకత్తా వెళ్తున్నాం. మేమిద్దరం, అత్తయ్య, మావయ్య, ఇద్దరు పిల్లలు. వెళ్ళడానికి కోరమండల్ ఎక్స్‌ప్రెస్ దొరికింది, శుక్రవారం మధ్యాహ్నం లోపు దిగుతాం. తిరుగు ప్రయాణం సోమవారం రాత్రి హౌరాలో చెన్నై మెయిల్.
అత్తయ్యకి కాళీఘాట్, దక్షిణేశ్వరం చూపించకపోతే ఇంక ఆ ఊరు వెళ్ళి లాభం లేదు. ఆవిడ ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టరు, అందుకే బయట తిండంటే నాకు టెన్షన్. మావయ్యకి మోకాళ్ళ నొప్పులు, అయితే బిర్యానీ అంటే మాత్రం ఏ నొప్పీ గుర్తుండదు. పిల్లలేమో నది కింద మెట్రో వీడియోలు చూసి, కిటికీలోంచి చేపలు కనిపిస్తాయా అని ప్రాణం తీస్తున్నారు.
మావారి లెక్క ఏంటంటే శని, ఆదివారాలు గుళ్ళు, సోమవారం మ్యూజియం, విక్టోరియా చూసేసి రాత్రికి రైలెక్కడం. అన్ని రోజులకీ కలిపి ఒక కారు మాట్లాడేద్దాం అంటున్నారు. హోటల్ హౌరా స్టేషన్ దగ్గర చవగ్గా కనిపిస్తోంది. తెలిసినవాళ్ళు చెప్పండి, ఈ ప్లాన్ నడుస్తుందా?

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్స్:
నడవదమ్మా, తిరగేయాలి. సోమవారం ఇండియన్ మ్యూజియానికి సెలవు. విక్టోరియా మెమోరియల్‌లో లోపలి గదులు కూడా ఆ రోజు తియ్యరు, తోటలో తిరిగి రావడమే. ఠాగూర్ గారి జొరాసంకో ఇల్లు కూడా సోమవారం మూసే ఉంటుంది. అదే గుళ్ళయితే శని, మంగళవారాలు కాళికి విశేషం కాబట్టి కాలు పెట్టే చోటుండదు, ఆదివారం దక్షిణేశ్వరం సంగతి చెప్పక్కర్లేదు. సోమవారం వీటన్నిటికన్నా ఖాళీ. అందుకని శనివారం మ్యూజియం, విక్టోరియా పెట్టుకోండి, అత్తగారికి ఆదివారం, సోమవారం ఇవ్వండి.
ఇంకోటి, కోరమండల్ ఇప్పుడు హౌరాకి వెళ్ళదు, షాలిమార్ అనే వేరే స్టేషన్‌లో ఆగుతుంది. అక్కడ మెట్రో లేదు. ఆరుగురికి మామూలు క్యాబ్ సరిపోదు, పెద్ద బండి బుక్ చేసుకోండి, లేదా రెండు తీసుకోండి. ప్లాట్‌ఫారం మీదే వచ్చి సామాను పట్టేసుకునే వాళ్ళ వెంట మాత్రం వెళ్ళొద్దు.
కారు విషయానికొస్తే నేను వద్దనే అంటాను. ఆ ట్రాఫిక్‌లో కూర్చోవడానికి డబ్బులివ్వడం ఎందుకు? మీరు చూడాల్సినవన్నీ దాదాపు ఒకే మెట్రో లైను మీద ఉన్నాయి. పై చివర దక్షిణేశ్వరం, కిందికి వస్తుంటే ఎస్ప్లనేడ్, మ్యూజియానికి పార్క్ స్ట్రీట్, విక్టోరియాకి మైదాన్ గానీ రవీంద్ర సదన్ గానీ, ఇంకా కిందికి కాళీఘాట్. దేశంలో మొదటి మెట్రో ఇదే, 1984లో మొదలైంది. నది కింద వెళ్ళేది వేరే లైను, 2024 మార్చిలో జనానికి తెరిచారు, ఆ రెండూ ఎస్ప్లనేడ్‌లో కలుస్తాయి. హౌరా నుంచి ఎస్ప్లనేడ్‌కి టికెట్ 10 రూపాయలు దాటదు. చేపలు కనిపించవని పిల్లలకి ఇప్పుడే చెప్పేయండి, లేకపోతే అక్కడ ఏడుస్తారు. నది కిందికి వచ్చినప్పుడు సొరంగం గోడలకి నీలం లైట్లు వెలుగుతాయి, ముప్పావు నిమిషంలో దాటేస్తుంది. రెప్ప వేస్తే పోయినట్టే.
హౌరా మెట్రో స్టేషన్ చాలా లోతు, మావయ్యగారిని లిఫ్టులోనే దింపండి. ఆదివారం పొద్దున్న మెట్రో ఆలస్యంగా మొదలవుతుంది, అది కూడా చూసుకోండి.
(మా తాతలు బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడే పాతుకుపోయారు, అందుకే కలకత్తా అంటే మాకు సంత కెళ్ళొచ్చినట్టే.)

గుణుపూర్ గుప్‌చుప్:
తిండి సంగతి నాకొదిలేయండి 😀
అత్తయ్యగారికి లేక్ మార్కెట్ పక్కకి తీసుకెళ్ళండి, కాళీఘాట్ మెట్రోకి దగ్గరే. అక్కడ దక్షిణాది వాళ్ళు ఏళ్ళ తరబడి ఉన్నారు, ఇడ్లీ, దోశ, సాంబారన్నం, అరిటాకులు, మల్లెపూలు అన్నీ దొరుకుతాయి. దర్శనం చేసుకుని నేరుగా అక్కడికే వెళ్ళి తినొచ్చు. బడాబజార్‌లో మార్వాడీ భోజనశాలలు ఉన్నాయి, కొన్నిచోట్ల ఉల్లి వెల్లుల్లి లేకుండానే వండుతారు. బెంగాలీ హోటల్లో అయితే శాకాహారమే అయినా ఆవనూనె వాసన, పప్పులో పంచదార... ఆవిడ ఒక ముద్ద తిని చెయ్యి కడిగేస్తారేమో.
మావయ్యగారి బిర్యానీలో పెద్ద బంగాళాదుంప వస్తుంది, పొరపాటున పడిందనుకోవద్దు. 1856లో బ్రిటిషువాళ్ళు అవధ్ (లక్నో రాజ్యం) లాక్కుంటే అక్కడి నవాబు వాజిద్ అలీ షా కలకత్తా వచ్చి మటియాబుర్జ్‌లో ఉండిపోయాడు, ఆ బిర్యానీ ఆయన వంటవాళ్ళతో వచ్చిందే అంటారు. మాంసం ఖర్చు తగ్గించడానికి దుంప వేశారని కొందరు, అప్పట్లో దుంపే ఖరీదని కొందరు కొట్టుకుంటారు. మన ఆంధ్రా కారం అలవాటైన వాళ్ళకి చప్పగా అనిపిస్తుంది, కానీ ఆ దుంప కోసమైనా తినాలి. పిల్లలకి న్యూ మార్కెట్ దగ్గర కాఠీ రోల్, అంటే కూర పెట్టి చుట్టిన పరోటా.
ఫుచ్కా అంటే మన గుప్‌చుప్పే, అదే పానీపూరీ, లోపల దుంప ముద్ద, చింతపండు నీళ్ళు. ఒడియా వచ్చా మీకు? వస్తే బెంగాలీ సగం వచ్చినట్టే, బేరాలు అందులోనే ఆడేయండి.
డిసెంబరు కాబట్టి ఖర్జూర బెల్లంతో చేసే సందేశ్ అనే స్వీటు వదలొద్దు, ఆ రుచి చలికాలంలోనే. రసగుల్లా ఎవరిదని మాత్రం అక్కడ ఎవరితోనూ వాదన పెట్టుకోకండి. 2017లో వాళ్ళకి జీఐ (ఫలానా ఊరి సరుకని ఇచ్చే గుర్తింపు) వచ్చింది, 2019లో మన ఒడిశాకీ వచ్చింది, రెండూ వేరు వేరు స్వీట్లని తీర్పు. నా ఓటు ఒడిశాలోని పహలా ఊరి రసగుల్లాలకే, కానీ కలకత్తాలో ఆ మాట పైకి అనను.

జయపురం బాబాయ్:
పైవాళ్ళు చెప్పినవి బాగానే ఉన్నాయి, హోటల్ గురించి ఎవరూ మాట్లాడలేదు. హౌరా స్టేషన్ పక్క వద్దమ్మా. చవకే, కాదనను, కానీ రాత్రంతా హారన్లు, గదులు ఇరుకు, పెద్దవాళ్ళకి నిద్ర పట్టదు. ఎస్ప్లనేడ్, పార్క్ స్ట్రీట్ మధ్యలో చూడండి. కొంచెం ఎక్కువైనా రెండు మెట్రోలూ కాలి దూరంలో ఉంటాయి.

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్స్:
బాబాయ్, మెట్రో వచ్చాక హౌరా కూడా పర్వాలేదు, మునుపటిలా బ్రిడ్జి మీద గంటలు గంటలు ఇరుక్కోవడం లేదు. కానీ పెద్దవాళ్ళు ఉన్నారు కాబట్టి మీ మాటే నెగ్గనిద్దాం.

బరంపురం కోడలు:
అందరికీ బోలెడు థాంక్స్! సోమవారం సంగతి చదివి మావారు ముఖం తిప్పుకున్నారు. మరి సోమవారం గది ఖాళీ చేశాక సామాను ఎక్కడ పెట్టాలి? దక్షిణేశ్వరం, బేలూరు మఠం (రామకృష్ణ మఠం) ఒకే రోజు అవుతాయా?

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్స్:
అవుతాయి. పొద్దున్నే మెట్రోలో హౌరా వచ్చి క్లోక్‌రూమ్‌లో సామాను పడేయండి. సంచులకి తాళాలు ఉండాలి, లేకపోతే తీసుకోరు. అక్కడి నుంచి ఎస్ప్లనేడ్‌లో లైను మారి దక్షిణేశ్వరం. స్టేషన్ నుంచి గుడి దాకా స్కైవాక్ ఉంది, మావయ్యగారికి రోడ్డు దాటే బాధ లేదు. రాణి రాస్మణి కట్టించిన గుడి, 1855 నాటిది. ఫోన్లు లోపలికి రానివ్వరు, కౌంటర్లో ఇచ్చేయాలి, కాబట్టి తప్పిపోతే ఎక్కడ కలవాలో ముందే అనుకోండి. మధ్యాహ్నం గుడి మూసేస్తారు, ఆ లోపు దర్శనం ముగించండి.
తర్వాత ఘాట్‌లో పడవెక్కితే బేలూరు మఠం. మఠం కూడా మధ్యాహ్నం మూసి సాయంత్రం ముందు తీస్తారు, మధ్యలో నెమ్మదిగా భోంచేయండి. ఒకటే జాగ్రత్త, నదిలో నీళ్ళు తగ్గినప్పుడు జెట్టీకి (పడవల రేవుకి) దిగే వంతెన బాగా వాలుగా అయిపోతుంది, మావయ్యగారిని ఎవరో ఒకరు పట్టుకోవాలి. ఆ వాలు చూసి ఆయన వద్దంటే బలవంతం చెయ్యకండి, క్యాబ్‌లో వెళ్ళిపోండి. బేలూరు, హౌరా ఒకే గట్టున ఉన్నాయి కాబట్టి సాయంత్రం హారతి చూసుకుని నది దాటకుండానే స్టేషన్‌కి వచ్చేయొచ్చు.

గుణుపూర్ గుప్‌చుప్:
కాళీఘాట్ ఆదివారం పెట్టుకున్నారు కదా, పొద్దున్నే వెళ్ళండి. పండాలు (గుడి దగ్గరి పూజారులు) వెంటపడతారు, పూరీ జగన్నాథుడి గుడి చూసినవాళ్ళకి కొత్తేం కాదు. స్పెషల్ దర్శనం అని ఎవడైనా చెయ్యి పట్టుకుంటే ముందే రేటు తేల్చుకోండి, లేదా లైన్లో నిలబడండి. అత్తయ్యగారి పర్సు మీ దగ్గరే ఉంచుకోండి.