పెళ్లి ఫొటోలకు లైట్‌రూమ్‌లోనే ఉండాలా, క్యాప్చర్ వన్‌కి మారాలా?

పెళ్లికెమెరా
రెండు కెమెరాలతో పెళ్లిళ్లు తీస్తాం, పెళ్లికి నాలుగు వేల దాకా రా ఫైళ్లు (కెమెరా ప్రాసెస్ చేయకుండా ఇచ్చే ముడి ఫొటోలు) వస్తాయి. సెలెక్షన్, కలర్ లైట్‌రూమ్ క్లాసిక్‌లో, ఆల్బమ్ ఫొటోషాప్‌లో. సెలెక్షన్ దగ్గరే నత్తనడక, ప్రతి ఫొటో తేటపడేదాకా ఆగాల్సొస్తోంది. ఎల్‌ఈడీ లైట్ల కింద ముఖాల రంగు కూడా ఓ పట్టాన కుదరట్లేదు. లైట్‌రూమ్ లాంటిదే ఇంకో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ క్యాప్చర్ వన్‌కి మారితే రెండూ తీరతాయా? ర్యామ్ 16 జీబీ.

రాఫైలు
స్పీడు కోసమే అయితే మారొద్దండి. ఇంపోర్ట్ విండోలో బిల్డ్ ప్రివ్యూస్ దగ్గర 'ఎంబెడెడ్ అండ్ సైడ్‌కార్' పెట్టండి. ప్రతి రా ఫైల్లోనూ కెమెరా ఒక జేపెగ్ పెట్టి ఇస్తుంది, లైట్‌రూమ్ దాన్నే చూపిస్తుంది కాబట్టి ఆగే పనుండదు. సెలెక్షన్ లైబ్రరీ మాడ్యూల్‌లోనే చేయండి. ఎడిటింగ్ చేసే డెవలప్‌లోకి వెళ్తే ప్రతి ఫొటోకీ రా ఫైలుని మళ్లీ ప్రాసెస్ చేస్తుంది, మీ ఆలస్యం అక్కడిదే అయ్యుండొచ్చు. క్యాప్స్ లాక్ వేసి ఉంచితే స్టార్ నొక్కగానే తర్వాతి ఫొటో వస్తుంది.

ఒక చిక్కుంది. కొన్ని పాత సోనీ బాడీల్లో ఆ జేపెగ్ 1616×1080 మాత్రమే, కంటి ఫోకస్ చూడ్డానికి చాలదు. అలాంటి కెమెరాలో రా ప్లస్ జేపెగ్ తీయండి. ఇంకోటి, ఆ జేపెగ్‌లో ఉండేది కెమెరా రంగు. దాన్ని చూసి కలర్ బాలేదని ఫొటో తీసేయొద్దు.

స్కిన్‌టోన్
రంగు విషయంలో మాత్రం క్యాప్చర్ వన్‌కే నా ఓటు. కలర్ ఎడిటర్‌లో స్కిన్ టోన్ ట్యాబ్ తెరిచి, చెంప మీద రంగు బాగున్న చోట పికర్ నొక్కండి. తర్వాత యూనిఫార్మిటీలో హ్యూ స్లయిడర్ పెంచుతూ పోతే ఎర్రబడ్డ ముక్కు, పచ్చబడ్డ మెడ అన్నీ ఆ రంగు దగ్గరికే వస్తాయి. మంగళస్నానం ఫొటోల మీద మాత్రం ఇది వేయకండి, ఒంటి పసుపు కూడా చర్మం రంగులో కలిసిపోయి ఫొటో చచ్చిపోతుంది. లైట్‌రూమ్‌లోనూ 2023 నుంచి పాయింట్ కలర్ ఉంది, ముందు దాంతో ప్రయత్నించండి.

నీలం, మెజెంటా లైట్లకి ఎరుపు, ఆకుపచ్చ, నీలం చానళ్లలో ఒకటి పూర్తిగా కొట్టుకుపోతే దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు. స్టేజీ మీద ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ (ఆ మూడు రంగుల గ్రాఫ్) చూసి ఎక్స్‌పోజర్ తగ్గించడమే. వైట్ బ్యాలెన్స్‌కి మధుపర్కం మీద ఐడ్రాపర్ పెట్టొద్దు, దానికి పసుపు అంటి ఉంటుంది. గ్రే కార్డుతో (బూడిదరంగు అట్ట) ఒక ఫొటో తీసుకోండి.

పెళ్లికెమెరా
మారితే పాత ఎడిట్‌లు వస్తాయా? సెలెక్షన్‌కి ఫొటోలు వేగంగా ఏరే సాఫ్ట్‌వేర్ ఫొటో మెకానిక్ కూడా కొనాలా?

రాఫైలు
క్యాప్చర్ వన్ లైట్‌రూమ్ క్యాటలాగ్‌ని తీసుకుంటుంది గానీ క్రాప్, వైట్ బ్యాలెన్స్, ఎక్స్‌పోజర్ లాంటివే, అవీ సుమారుగా. మాస్కులు (ఫొటోలో కొంత భాగానికే చేసిన ఎడిట్‌లు) రావు. చేతిలో ఉన్న పెళ్లిళ్లు లైట్‌రూమ్‌లోనే ముగించి, కొత్తదాన్ని సెషన్‌గా, అంటే ఆ పెళ్లికి విడి ఫోల్డర్‌గా, మొదలుపెట్టండి. ఎడిట్‌లు ఆ ఫోల్డర్‌లోనే ఉంటాయి, హార్డ్ డిస్క్‌లో వేసి ఇంకో సిస్టమ్‌లో తెరవొచ్చు.

ఫొటో మెకానిక్ కూడా చూపించేది ఆ ఎంబెడెడ్ జేపెగ్‌నే, కాకపోతే ఇంపోర్ట్ అక్కర్లేకుండా కార్డు నుంచే. ముందు పైన చెప్పిన సెట్టింగ్ చూశాకే కొనండి. కొంటే స్టార్లే వాడండి, అవి ఎక్స్‌ఎంపీ (ఫొటోతో పాటు రేటింగ్ లాంటి వివరాలు దాచే పద్ధతి) ద్వారా రెండు సాఫ్ట్‌వేర్లలోకీ వస్తాయి.

ఆల్బమ్‌షీట్
రెండు కెమెరాల టైమ్ తేడా ఉంటే లైట్‌రూమ్‌లో 'ఎడిట్ క్యాప్చర్ టైమ్'తో ముందే సరిచేయండి, లేకపోతే తలంబ్రాల ఫొటోలు జీలకర్ర బెల్లం కంటే ముందొస్తాయి. ఎక్స్‌పోర్ట్ ఎస్‌ఆర్‌జీబీ కలర్ ప్రొఫైల్‌లో ఇవ్వండి. 12×36 అంగుళాల షీట్ 300 డీపీఐకి 10800×3600 పిక్సెళ్లు. అడోబ్ ఆర్‌జీబీలో పంపితే ప్రొఫైల్ పట్టించుకోని ల్యాబుల్లో ముఖాలు పాలిపోయి వస్తాయి.