ఫినాలే లీగురేలో మౌంటెన్ బైకింగ్: వెళ్లి వచ్చినవారు చెప్పండి

గుట్టలసైకిలు (హైదరాబాద్)
మార్చి చివర్లో ఆఫీసు పనిమీద మిలాన్ వెళ్తున్నాను. పని ముగిశాక నాలుగు రోజులు ఖాళీ. ఇటలీలో కొండ సైకిల్ అనగానే అందరూ ఫినాలే లీగురే పేరే చెబుతున్నారు. సెలవు దొరికితే అనంతగిరి గుట్టల్లో తొక్కుతుంటాను, అంతకుమించి అనుభవం లేదు. నాలాంటివాడికి అక్కడి ట్రైల్స్ సరిపోతాయా? సైకిల్ ఇక్కడినుంచి మోసుకెళ్లాలా, అద్దెకు తీసుకోవాలా? శాకాహారిని కూడా.

శీను_స్టుట్‌గార్ట్
మంచి కాలమే ఎంచుకున్నారు. ఆల్ప్స్ ఇంకా మంచు కింద ఉన్నప్పుడు మా జర్మనీ వాళ్లందరూ వచ్చి పడేది అక్కడికే. వెనక కొండలు ఉత్తరపు చలిగాలిని ఆపుతాయి, ఎదురుగా సముద్రం. శరదృతువు కూడా బాగుంటుంది. జూలై, ఆగస్టు మాత్రం వద్దు. ఎండ సంగతి అలా ఉంచండి, బీచ్‌కు వచ్చే జనంతో గదులే దొరకవు.

అక్కడ సైకిళ్లను పైకి చేర్చే లిఫ్టు ఉండదు. వెనక ట్రైలర్ తగిలించిన షటిల్ వ్యాన్లు కొండమీదికి తీసుకెళ్లి దించుతాయి. మెలోన్యో కనుమ దగ్గర పాత నాటో స్థావరం ఉంది, సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. అక్కడ అడవిలో మొదలుపెడితే దాదాపు సముద్రం దాకా దిగుతూనే ఉండవచ్చు. పైన జాకెట్టు వేసుకున్నా వణుకు, కింద చొక్కా తడిసి ముద్ద. చిన్న సంచి తప్పదు.

రాతిబాట (మిలాన్)
శీను గారు కాలం సంగతి చెప్పారు, నేను రాయి సంగతి చెబుతాను. ఆ కొండల్లో ఎక్కువ భాగం సున్నపురాయి. చాలా దారులు ఎప్పటివో కాలిబాటలు, కంచరగాడిదలు నడిచిన బాటలు. శతాబ్దాలుగా అరిగి నున్నబడిన రాయి అది. పొడిగా ఉంటే టైరు అతుక్కుపోయినట్టు పట్టు దొరుకుతుంది, నాలుగు చినుకులు పడ్డాయా, ఇక నిలవదు. వరిగొట్టి ఊరి వైపు దిగే దారుల్లో మలుపు తిరగ్గానే ఎదురుగా నీలంగా సముద్రం కనబడుతుంది. చూడాలంటే ఆగి చూడండి, తొక్కుతూ వద్దు. అక్కడే నా టైరు పక్కగోడ బ్లేడుతో కోసినట్టు చీలింది. చిల్లులు పూడ్చడానికి టైరులో పోసే ద్రవం, సీలెంట్, అంతా రాతిమీద బుసబుసమని పోయింది తప్ప చీలిక పూడలేదు. విడి ట్యూబు, చీలిక లోపల అడ్డుపెట్టడానికి పాత టైరు ముక్క దగ్గర పెట్టుకోండి.

మొదటిరోజు లె మానియె పీఠభూమి, దాని పక్కనే ఉన్న వల్ పొన్చి లోయ చాలు. ఆ లోయలో రోమన్ల నాటి రాతి వంతెనలు ఐదు ఉన్నాయి. క్రీస్తుపూర్వం 13లో అగస్టస్ వేయించిన జూలియా అగస్టా రహదారి మీదవి. కొన్ని శిథిలమయ్యాయి గానీ, ఒకటి మాత్రం ఇప్పటికీ చెక్కు చెదరలేదు.

వంకరహ్యాండిల్
అందరూ పొగుడుతున్నారు కాబట్టి నేను కాస్త తిట్టిపోస్తాను. ఫినాలేకు పేరు తెచ్చింది ఎండ్యూరో పోటీలు, అంటే కష్టమైన దిగుళ్లలో పట్టిన సమయాన్ని లెక్కించే పందేలు. ఎండ్యూరో ప్రపంచ సిరీస్ మొదటి ఏడాది, 2013లో, ఆఖరి రౌండు జరిగింది అక్కడే. అలాంటి దారులకు కొత్తవారిని పంపడం ఏం న్యాయం? అదే ఏడాది మొదటి రౌండు టస్కనీలోని పుంతా ఆలాలో జరిగింది. దానికి లోపలివైపు మాస్సా మరిత్తిమా అనే కొండమీది ఊరు ఉంది. చుట్టూ తక్కువ ఎత్తు కొండలు, ఓక్ చెట్లు, ఎక్కుతూ దిగుతూ సాగే దారులు. సైకిల్ తొక్కడమంటే ఇష్టం ఉన్నవారికి అది, వ్యానెక్కి దిగడం ఇష్టమైనవారికి ఫినాలే.

రాతిబాట (మిలాన్)
మాస్సా మరిత్తిమా బాగుంటుంది, కాదనను. కానీ మిలాన్ నుంచి కారు లేకుండా ఎలా చేరతారు? నాలుగు రోజుల్లో రెండు ప్రయాణానికే పోతాయి. ఫినాలేకు వెంటిమిల్యా వైపు వెళ్లే రైలెక్కితే సుమారు మూడు గంటలు, స్టేషన్ ఊళ్లోనే. కష్టమైన దారి వస్తే దిగి నడిపించుకుంటూ వెళ్లండి, పరువేమీ పోదు. ఎండ్యూరో వీరులు కూడా దిగి నడవడం నేను చూశాను.

పద్మజ_టురిన్
సైకిల్ మోసుకురాకండి. పెట్టె కట్టడం, విమానం రుసుము, రైల్లో దాన్ని ఎక్కడ పెట్టాలన్న బెంగ, అన్నీ దండగ. ఫుల్ సస్పెన్షన్ సైకిళ్లు, అంటే ముందూ వెనకా కుదుపులు తట్టుకునే స్ప్రింగులున్నవి, అక్కడ అద్దెకు దొరుకుతాయి. మీ పెడల్స్, హెల్మెట్, మోకాలి కవచాలు తెచ్చుకుంటే చాలు. ఎవరైనా ఎలక్ట్రిక్ సైకిల్ బ్యాటరీ తెద్దామనుకుంటే ఆ ఆశ వదులుకోవాలి: 160 వాట్ అవర్లు దాటిన బ్యాటరీలను ప్రయాణికుల విమానంలో ఎక్కించరు, ఈ సైకిళ్లవి దానికి ఎన్నో రెట్లు.

తిండికి దిగులు లేదు. ఫరినాత అడగండి. శనగపిండి, నీళ్లు, నూనె, ఉప్పు కలిపి పెద్ద పళ్లెంలో పోసి పొయ్యిలో కాలుస్తారు. అల్లం, పచ్చిమిర్చి వేయడం మరిచిపోయిన శనగపిండి అట్టు అనుకోండి. మిరియాల పొడి చల్లుకుంటే రుచే వేరు. ఫొకాచ్చా అనే రొట్టె కూడా తినవచ్చు. పెస్తో అనే ఆకుపచ్చ పచ్చడిలో మాత్రం పార్మెజాన్ జున్ను ఉంటుంది. దాన్ని దూడ పొట్టలోంచి తీసిన రెనెట్ అనే తోడుతో పేరబెడతారు, మీ నియమం ఎంత గట్టిదో మీరే చూసుకోండి.

శీను_స్టుట్‌గార్ట్
ముఖ్యమైనది ఒకటి ఎవరూ చెప్పలేదు. మన దగ్గర చాలా సైకిళ్లకు కుడిచేతి లీవరు ముందు బ్రేకు. అక్కడ ముందు బ్రేకు ఎడమచేతిది. నిటారు దిగుడులో అలవాటు కొద్దీ ఎడమది నొక్కితే హ్యాండిల్ మీదుగా ఎగిరి రాళ్లమీద పడతారు.

గుట్టలసైకిలు (హైదరాబాద్)
బాబోయ్, ఇది నా ఊహకే రాలేదు. ఫినాలేకే వెళ్తాను, మొదటిరోజు లె మానియె. బ్రేకులు అటుదిటు మార్చి ఇమ్మంటే దుకాణంలో ఇస్తారా?

పద్మజ_టురిన్
కొందరు ఇస్తారు. కాకపోతే బ్రేకు ద్రవం నిండిన హైడ్రాలిక్ గొట్టాలు విప్పి బిగించే పని, క్షణంలో అయ్యేది కాదు. బుక్ చేసేటప్పుడే రాసి అడగండి. పొద్దున్నే షటిల్ బయల్దేరే వేళకు వెళ్లి అడిగితే మీ మాట వినే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు.