డిగ్రీ అయ్యాక రెండు నెలలు ఊళ్ళు తిరిగొస్తానంటే ఇంట్లో గొడవ. నాది తప్పా?

పేట కుర్రాడు:
అందరికీ నమస్తే. మాది నర్సరావుపేట దగ్గర పల్లెటూరు. బీకాం కంప్యూటర్స్, ఆఖరి సెమిస్టర్. పరీక్షలు కాగానే ఒక్కణ్ణే రెండు నెలలు తిరిగొద్దామని ఉంది. హంపి, గోవా, ముంబై, ఆ తర్వాత ఢిల్లీ మీదుగా రిషికేశ్. బుద్ధెరిగాక నేను చూసిన పెద్ద ఊళ్ళు గుంటూరు, విజయవాడ, అంతే. తిరుపతి కూడా పుట్టెంట్రుకలకి తీసుకెళ్ళిందే. ఇంట్లో పైసా అడగట్లేదు, పెళ్ళిళ్ళ సీజన్‌లో క్యాటరింగ్‌కి పోయి దాచుకున్నవి ఉన్నాయి. నాన్నేమో నంద్యాల పోయి బ్యాంక్ కోచింగ్‌లో చేరాల్సిందే అంటాడు. జూన్ బ్యాచ్. ఆగస్టులో చేరతానంటే 'తిరుగుబోతు వేషాలు' అని మాట్లాడటం మానేశాడు. మీరేమంటారు?

రైలుపిచ్చి:
తమ్ముడూ, అమరావతి ఎక్స్‌ప్రెస్ మీ లైన్లోదే. హోస్పేటలో దిగు, అక్కణ్ణుంచి హంపి 13 కిలోమీటర్లు, బస్సులు బోలెడు. ముందు నంద్యాల దాకా పగటి బండి ఏదైనా ఎక్కితే ఇంకా మంచిది. గిద్దలూరు దాటి దిగువమెట్ట వచ్చిందంటే ఇక నల్లమలే. బొగద సొరంగం కూడా చూడొచ్చు.

మసాలా వడ:
నంద్యాల కోచింగ్‌కైనా అదే లైను, హంపికైనా అదే లైను. నాన్నకి టికెట్ సగం మడిచి చూపించు 😄

పాత లెడ్జర్:
బాబూ, నీ వయసులో ఎవరికైనా ఉండే సరదానే. తప్పనను. కానీ దేనికైనా ఒక వరస ఉంటుంది. నేను బ్యాంకులో చేసి రిటైరైనవాణ్ణి. ఎల్‌ఎఫ్‌సీ, అదే బ్యాంకు ఇచ్చే సెలవు ప్రయాణ రాయితీ మీద కన్యాకుమారి చూశాను, కాశ్మీరు చూశాను, భార్యాబిడ్డలతో, బ్యాంకు ఖర్చుతో. చూడాలంటే అలా చూడాలి. పరీక్షలు రాసేవాడికి రెండు నెలలంటే చిన్న విషయం కాదు, చేతిలో ఉన్న లెక్కలన్నీ తుప్పు పడతాయి. బ్యాచ్ తప్పితే నోటిఫికేషన్ తప్పుతుంది, నోటిఫికేషన్ తప్పితే ఏడాది పోతుంది. తండ్రి సొమ్ముతో షికార్లు తిరిగి వచ్చాక ఆ ఏడాది ఎవరిస్తారు? ముందు ఉద్యోగం. హంపి ఎక్కడికీ పోదు.

తుంగభద్ర:
లెడ్జర్ గారూ, తండ్రి సొమ్మని ఆ అబ్బాయి ఎక్కడ రాశాడండీ? క్యాటరింగ్‌కి పోయి దాచుకున్నానని మొదట్లోనే ఉంది. పెళ్ళి బంతిలో అర్ధరాత్రి దాకా సాంబారు బకెట్టు మోసి సంపాదించిన డబ్బు అది. ఇక వయసు సంగతంటారా, బ్యాంక్ క్లర్కుకి 28 దాకా రాయొచ్చు, పీవోకి, అంటే ఆఫీసర్ పోస్టుకి, 30 దాకా. ఇప్పుడు డిగ్రీ అవుతున్న పిల్లాడికి రెండు నెలల్లో కొంప మునగదు.

పాత లెడ్జర్:
28 దాకా రాయొచ్చని 28 దాకా రాస్తూ కూర్చున్నవాళ్ళని నేను చూశానమ్మా. క్యాటరింగ్ డబ్బులంటావా, ఎన్నాళ్ళొస్తాయి? ముంబైలో దిగగానే అయిపోతాయి. అప్పుడు ఫోన్ ఎవరికి చేస్తాడు? నాన్నకే. కాబట్టి తండ్రి సొమ్మే.

సీఎస్ఈ సెకండియర్:
గోవాకి ఒక్కడే ఎవడైనా వెళ్తాడా బ్రో?

డల్లాస్ బాబాయి:
ఇక్కడ పిల్లలు 18 నిండితే చాలు, కారేసుకుని రాష్ట్రాలు దాటి పోతుంటారు. మనవాళ్ళు ఎప్పటికి మారతారో. పంపించాలండీ, ప్రపంచం తెలియాలి.

మసాలా వడ:
బాబాయ్, మీవాణ్ణి ఒక్కణ్ణే ఎక్కడికి పంపించారు?

డల్లాస్ బాబాయి:
మావాడికి ఇంకా 19. వాళ్ళమ్మ భయపడుతుంది. అది వేరే సంగతి.

రైలుపిచ్చి:
ఒక చిన్న సవరణ. అమరావతి పేరుతో రెండు బళ్ళున్నాయి. నర్సాపురం నుంచి వచ్చేది హుబ్బళ్ళి దాకానే. బెంగాల్ నుంచి వచ్చేదే వాస్కో దాకా పోతుంది, రోజూ ఉండదు. గోవా ప్లాన్ ఉంటే రెండోది చూసుకో, దూధ్‌సాగర్ జలపాతం పక్కనుంచే పోతుంది. ఇంకోటి, రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు. 120 రోజుల లెక్క 2024 నవంబర్‌తో పోయింది.

కాగితం పడవ:
తెలుగువాళ్ళకి తిరగడం కొత్తా ఏంటి? ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరాడు. రైళ్ళు లేవు, సరైన రోడ్లు లేవు. కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాద్ మీదుగా పోయి, దారిలో చూసిందల్లా రాసుకున్నాడు. ఆయన్ని ఎవరూ తిరుగుబోతు అనలేదే.

పాత లెడ్జర్:
అందుకే సగం చదివి ఉదాహరణలు ఇవ్వకూడదు. ఆయన అప్పటి మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ, అంటే మాటలు అనువదించి చెప్పేవాడు. పెద్ద ఉద్యోగం. సెలవు పెట్టి, వంద మంది పరివారంతో వెళ్ళాడు. తల్లిని కూడా తీసుకెళ్ళాడు. నేను చెప్పేదీ అదే కదా, ముందు ఉద్యోగం!

కాగితం పడవ:
🙏 ఇక నేను ఏమీ మాట్లాడను.

పాలమూరోడు:
నేను చాలాసేపటి నుంచి చదువుతున్న. మాది నారాయణపేట దిక్కు. మా నాయిన ముంబైకి పోయిండు, పుణెకి పోయిండు, ఏండ్లకేండ్లు. సెంట్రింగు పని. ముంబైల ఏం జూసినవ్ నాయినా అంటే, మేస్త్రి తెల్లారక ముందే బండెక్కిస్తుండె, చీకటి పడ్డంక దింపుతుండె, ఏం జూస్త అంటడు. గేట్‌వే మొన్న నా ఫోన్ల జూసిండు. శ్రీకాకుళం జాలర్లు గుజరాత్ దాకా పోయి బోట్ల మీద పని జేస్తరు, కొందరు పాకిస్తాన్ జైల్ల కూడా పడి వచ్చిన్రు. కరీంనగరోళ్ళు దుబాయ్ పోతరు. వీళ్ళను ఏ తండ్రి ఆపలె. ఊరందరు బస్సు కాడికొచ్చి సాగనంపుతరు. జీతానికి పోతే గౌరవం, చూడనీకి పోతే తిరుగుబోతు. గిదేం లెక్క?

సీఎస్ఈ సెకండియర్:
అన్నా 🔥

పాత లెడ్జర్:
బాబూ పాలమూరు, మీ నాన్నగారి కష్టానికి దండం. కానీ నువ్వు చెప్పింది నా మాటనే బలపరుస్తోంది. ఆయన ఇంటి కోసం పోయాడు. ఈ అబ్బాయి తన సరదా కోసం పోతానంటున్నాడు. రెండూ ఒకటెలా అవుతాయి?

పాలమూరోడు:
నేను మీ దిక్కు మాట్లాడలె సార్. మా తమ్ముడు ఐటీఐ చదువుతుండు. మా ఇంట్ల ఒక్కడన్న పార, తట్ట లేకుండ, ఉత్త చేతులతోని ముంబైల దిగాలె. అంతే నాది.

తుంగభద్ర:
సరదా అంటూ ఎంత తేలిగ్గా అనేస్తున్నారండీ. నా సంగతి చెప్తాను. మాది కర్నూలు, ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం. ఇంటర్‌లో ఉండగా హంపి వెళ్దామన్నాను. ఇంజినీరింగ్ అవనీ అన్నారు. అయింది. ఉద్యోగం రానీ అన్నారు. వచ్చింది. తమ్ముడి ఫీజులు అవనీ. నేనే కట్టాను. పెళ్ళయ్యాక మీ ఆయనతో వెళ్దువులే అన్నారు. ఆయన పాప కాస్త ఎదగనీ అంటున్నాడు. హంపి మీదుగా పారిన నీళ్ళే మా ఊరికొస్తాయి. ఆ నీళ్ళు తాగి పెరిగినదాన్ని, రాతి రథాన్ని యాభై నోటు వెనక తప్ప చూళ్ళేదు. మీ వరసలో నిలబడితే ఇదీ ఫలితం.

పాత లెడ్జర్:
అంటే ఇప్పటిదాకా నువ్వే వెళ్ళలేదు, ఇంకొకళ్ళ పిల్లాణ్ణి మాత్రం పంపిస్తున్నావు. బాగుంది.

తుంగభద్ర:
వెళ్ళలేదు కాబట్టే చెప్తున్నాను. మీరు కాశ్మీర్ చూసొచ్చి కదా వద్దంటున్నారు?

మసాలా వడ:
పాప్‌కార్న్ ఉందా ఎవరి దగ్గరైనా?

పాత లెడ్జర్:
నవ్వులాట కాదు. సరే, క్యాటరింగ్ డబ్బు వాడిదే అనుకుందాం. ఇన్నేళ్ళు తిన్న అన్నం ఎవరిది? కట్టిన ఫీజు ఎవరిది? నేను మావాడి ఇంజినీరింగ్ కోసం ఎకరం అమ్మాను. హైదరాబాద్‌లో మంచి ఉద్యోగం వచ్చింది. పది రోజులు ట్రెక్కింగ్ అని హిమాచల్ వెళ్ళాడు. అక్కణ్ణుంచే రాజీనామా పంపాడు. ఇప్పుడు కొండ మీద ఎవరిదో లాడ్జిలో వచ్చేపోయేవాళ్ళకి గదులు చూపిస్తున్నాడు. మీరంతా పంపించండి పంపించండి అంటున్నారే, ఈ పేట కుర్రాడు తిరిగొస్తాడని ఎవరు హామీ? నువ్వుంటావా?

తుంగభద్ర:
తిన్న అన్నానికి బిల్లు ఎంతో చెప్పండి, పిల్లలు వాయిదాల్లో కట్టేస్తారు. నేను కట్టాను, రసీదు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. పోనీ, రాలేదనుకుందాం. రాకపోతే ఏమవుతుంది? నిజంగా అడుగుతున్నాను.

పాత లెడ్జర్:
ఏమవుతుందా? వాళ్ళమ్మకి మోకాలి ఆపరేషన్ చేస్తూ, నాకు బీపీ ఎక్కువగా ఉందని, ఇంకెవరైనా ఉంటే పిలవమన్నారు. పక్కింటి కుర్రాణ్ణి తీసుకెళ్ళి సంతకం పెట్టించాను. రాత్రి కూడా అతనే పడుకున్నాడు ఆసుపత్రిలో. అదీ అయ్యేది.

నిర్వాహకులు:
వ్యక్తిగత దూషణలు లేనంతవరకు చర్చ కొనసాగించవచ్చు. 'బిల్లు, రసీదు' లాంటి మాటలు తగ్గించండి.

తుంగభద్ర:
అమ్మగారి విషయం వింటే బాధగా ఉంది, అందులో వాదన లేదు. కానీ ఒక్కటి చెప్పండి. మీ అబ్బాయి హిమాచల్ వెళ్ళకుండా, మీరన్నట్టే పీవో అయ్యాడనుకోండి. ఆలిండియా పోస్టింగ్. అస్సాంలో వేస్తే ఆ రాత్రి ఆసుపత్రిలో ఎవరు పడుకునేవారు? మీ సర్వీసులో మీరు సొంత ఊళ్ళో ఎన్నేళ్ళు చేశారు? మీ నాన్నగారి దగ్గర అప్పుడెవరున్నారు?

పాత లెడ్జర్:
మా తమ్ముడున్నాడు. నేను నెలనెలా డబ్బు పంపాను. సొంత ఊళ్ళో చేసింది తక్కువే, ఒప్పుకుంటాను. అయినా నేను ఎక్కడున్నా మా నాన్న బజార్లో 'మావాడు ఫలానా బ్రాంచిలో' అని చెప్పుకునేవాడు. నన్ను ఎవరైనా మీవాడేం చేస్తున్నాడంటే ఏం చెప్పాలి? అవును, పాలమూరు అబ్బాయి అన్నదే నా మాట కూడా. జీతానికి దూరం పోతే భరిస్తాం. ఇష్టానికి దూరం పోతే, మా దగ్గర ఉండటం ఇష్టం లేదనే కదా?

పాలమూరోడు:
గీ మాట మొదలే జెప్తే అయిపోతుండె గదా సార్. పొద్దటి నుంచి నోటిఫికేషన్, బ్యాచ్ అనుకుంట.

తుంగభద్ర:
కాదండీ. ఊరు దాటి చూడాలనిపిస్తే ఇల్లంటే ఇష్టం లేనట్టా? నాకు మా అమ్మంటే ప్రాణం, అయినా హంపి చూడాలని ఉంది. ఈ రెండిటికీ ముడిపెట్టింది మీరు. మీ అబ్బాయి రమ్మని పిలిచాడా ఎప్పుడైనా?

పాత లెడ్జర్:
పిలిచాడు. నేనెందుకు వెళ్ళాలి?

రెండో బెంచి:
ఇక్కడ మొదటిసారి రాస్తున్నా. నాదీ ఆఖరి సెమిస్టరే, పేట పక్కనే మా ఊరు. అందరూ అబ్బాయి వెళ్ళాలా వద్దా, తిరిగొస్తాడా రాడా అని కొట్టుకుంటున్నారు. మా ఇంట్లో అక్కడిదాకా రాదు. మా అన్నని హైదరాబాద్ కోచింగ్‌కి పంపారు. నన్ను యూట్యూబ్‌లో క్లాసులు చూసుకోమన్నారు. 2025 ఆగస్టు 15న ఆడవాళ్ళకి ఉచిత బస్సు మొదలైంది కదా, ఒక ఆదివారం రికార్డు రాయాలని చెప్పి ఫ్రెండ్‌తో బాపట్ల వెళ్ళా. అక్కణ్ణుంచి ఆటోలో సూర్యలంక. సముద్రం చూడటం అదే మొదలు. ఇంత దగ్గర్లో ఉందని కూడా తెలీదు నాకు. చెప్పులు చేత్తో పట్టుకుని మోకాళ్ళ దాకా దిగాం. చుడీదార్ అంచు తడిస్తే ఇంట్లో తెలుస్తుందని బస్సులో కిటికీ పక్కన కూర్చుని గాలికి ఆరబెట్టుకుంటూ వచ్చా. ఇసుక మాత్రం బ్యాగులోంచి రెండు వారాలు రాలింది.

సీఎస్ఈ సెకండియర్:
అక్కా జీరో టికెట్‌తో సముద్రం, సూపర్

పాత లెడ్జర్:
అమ్మా, ఆడపిల్లల సంగతి వేరు. రోజులు బాగాలేవు. నేను ఇందాకటి నుంచి చెబుతున్నది అబ్బాయిల గురించి.

రెండో బెంచి:
తెలుసండీ. అబ్బాయైతే తిరిగిరాడేమోనని భయం. నా విషయంలో ఆ భయం లేదు, ఎలాగూ ఇంకో ఇంటికి పంపేసేదే కదా. అక్కడికి మాత్రం దూరమైనా పర్లేదు. మా పెదనాన్న కూతుర్ని ఒక్కసారి కూడా చూడని ఊరికి, ఫొటోలో చూసిన మనిషి వెంట పూణె పంపారు. అప్పుడు రోజులు బాగున్నాయి మరి.

తుంగభద్ర:
చెల్లీ ❤️

డల్లాస్ బాబాయి:
మా ఇంట్లోవాళ్ళకి ఈ మెసేజ్ ఫార్వర్డ్ చేశాను.

రైలుపిచ్చి:
సూర్యలంకకి పేట నుంచి చిలకలూరిపేట మీదుగా వెళ్ళారా, గుంటూరు మీదుగానా?

మసాలా వడ:
రైలుపిచ్చికి ఇప్పుడు బస్సుపిచ్చి కూడా పట్టింది.

పేట కుర్రాడు:
అందరికీ థాంక్స్, సగం అర్థమైంది, సగం భయం వేసింది. అప్‌డేట్ ఏంటంటే నాన్న నాతో ఇంకా మాట్లాడట్లేదు కానీ నిన్న నంద్యాల ఫోన్ చేసి జూన్ బ్యాచ్‌కి అడ్వాన్స్ కట్టేశాడట. నాకు చెప్పకుండానే. అమ్మ చెప్పింది. నాకేమో హోస్పేట టికెట్ వెయిటింగ్ నుంచి కన్ఫర్మ్ అయింది. వచ్చే శుక్రవారం.

పాత లెడ్జర్:
అడ్వాన్స్ వెనక్కివ్వరు బాబూ. బాగా ఆలోచించుకో.

రెండో బెంచి:
ఇవ్వకపోతే ఆ సీటు నాకిప్పించమని అడగండి మీ నాన్నగారిని. డబ్బు నెమ్మదిగా కడతాను. నేను నంద్యాలన్నా చూస్తాను.