డిసెంబర్‌లో స్పెయిన్ ట్రిప్, పాపకి నట్స్ అలర్జీ. బయట తిండి ఎలా మేనేజ్ చేయాలి?

సిరి_వాళ్ళమ్మ:
అందరికీ నమస్తే. డిసెంబర్ 20 దాటాక ఫ్యామిలీ అంతా స్పెయిన్ వెళ్తున్నాం. మా తమ్ముడు బార్సిలోనాలో జాబ్ చేస్తున్నాడు, కొన్నాళ్ళు వాడింట్లో ఉండి తర్వాత వాలెన్సియా, గ్రనడా చూసుకుని జనవరి 6న వాళ్ళ మూడు రాజుల పండగ అయ్యాక హైదరాబాద్ వచ్చేస్తాం. విషయం ఏంటంటే మా పాపకి తొమ్మిదేళ్ళు, జీడిపప్పు, పిస్తా, బాదం మూడూ పడవు. చిన్నప్పుడు ఒక పెళ్ళిలో ఎవరో కాజూ బర్ఫీ ముక్క నోట్లో పెట్టారు, పది నిమిషాల్లో పెదాలు వాచిపోయి ఊపిరి ఆడక హాస్పిటల్‌కి పరిగెత్తాం. అప్పట్నుంచి మందు ఎప్పుడూ మా దగ్గరే ఉంటుంది. పల్లీలు మాత్రం హాయిగా తింటుంది.

ఇక్కడైతే ఏ గ్రేవీలో జీడిపప్పు పడుతుందో, ఏ స్వీట్ షాపుకి పోకూడదో నాకు తెలుసు కాబట్టి నడిచిపోతోంది, అక్కడ ఏ వంటలో ఏం కలుపుతారో ఏమీ తెలీదు, భాష కూడా రాదు. మా అత్తయ్యగారు భయపడి పులిహోర పేస్టు, ఉప్మా మిక్స్, కారప్పొడి అన్నీ సర్దేస్తున్నారు. కానీ పాప యూట్యూబ్‌లో పాయెయా (అక్కడ వెడల్పు పెనంలో వండే అన్నం) వీడియోలు చూసి చూసి అది తినాల్సిందే అంటోంది, అంత దూరం వెళ్ళి పిల్లని రూమ్‌లో కూర్చోబెట్టి ఉప్మా పెట్టడం నాకూ ఇష్టం లేదు. చికెన్, చేపలు తింటాం, పోర్క్, బీఫ్ తినం. అలర్జీ ఉన్నవాళ్ళు, పిల్లలతో వెళ్ళినవాళ్ళు కొంచెం వివరంగా చెప్పండి ప్లీజ్.

బార్సిలోనా_కోడలు:
అక్కా, ధైర్యంగా రండి, ఇక్కడ పాప బాగా తినగలదు. మా ఇంట్లో కూడా బాబుకి హేజల్ నట్ పడదు, అందుకే ఇది నాకు రోజూ ఉండే పనే.

ముందు రూల్ సంగతి. యూరోపియన్ యూనియన్ మొత్తం 2014 డిసెంబర్ 13 నుంచి హోటల్ అయినా బేకరీ అయినా 14 రకాల అలర్జీ పదార్థాల్లో ఏది ఏ వంటలో ఉందో అడిగినవాళ్ళకి చెప్పి తీరాలి. గోధుమ లాంటి గ్లూటెన్ గింజలు, రొయ్యలు పీతలు, గుడ్డు, చేప, పల్లీ, సోయా, పాలు, నట్స్, సెలరీ, ఆవాలు, నువ్వులు, సల్ఫైట్లు, లూపిన్, నత్తలు స్క్విడ్ జాతి, ఇవీ ఆ 14. కొన్నిచోట్ల మెనూలోనే చిన్న చిన్న బొమ్మలు వేసి ఉంటాయి, కొన్నిచోట్ల అడిగితే ఒక ఫోల్డర్ తెచ్చిస్తారు, వంటల పేర్లు ఒకవైపు, పైన 14 బొమ్మలు, ఉన్నచోట టిక్కు. "కార్తా దే అలెర్హెనోస్" అని అడగండి. సూపర్ మార్కెట్ ప్యాకెట్ల మీద అయితే ఆ పదార్థాల పేర్లు బోల్డ్‌లో ఉంటాయి, వెతుక్కోవడం ఈజీ.

అయితే ఒకటి బాగా గుర్తుపెట్టుకోండి, ఆ లిస్టులో నట్స్ అంటే బాదం, హేజల్ నట్, వాల్‌నట్, జీడిపప్పు, పెకాన్, బ్రెజిల్ నట్, పిస్తా, మకడామియా మాత్రమే. పైన్ నట్స్ ఆ లిస్టులో లేవు! ఇక్కడేమో వాటిని బాగా వాడతారు, పాలకూరని ఎండుద్రాక్ష, పైన్ నట్స్‌తో వేయించే కూర ఇక్కడ ప్రతి ఇంట్లో ఉంటుంది. పాపకి అవి పడతాయో లేదో డాక్టర్‌ని అడిగి రండి, పడకపోతే "పిన్యోనెస్" అని విడిగా అడగాలి.

ఇక అసలు జాగ్రత్త. పైన చల్లిన బాదం కంటికి కనిపిస్తుంది, చూసి ఆ వంటే వదిలేయొచ్చు. కనపడకుండా నూరి కలిపేదే ప్రమాదం. కాటలాన్ అంటే మా బార్సిలోనా వైపు వంటల్లో పికాదా అని ఒకటుంది, బాదం గానీ హేజల్ నట్ గానీ, వేయించిన బ్రెడ్డు, వెల్లుల్లి, పార్స్‌లీ రోట్లో మెత్తగా నూరి, కూర దించే ముందు అందులో కలిపేస్తారు. మనం కుర్మాలో జీడిపప్పు ముద్ద వేసినట్టే, పులుసు చిక్కబడుతుంది, చూస్తే ఏమీ తెలీదు. చికెన్ పులుసు, చేపల పులుసు, మీట్‌బాల్స్ దేంట్లోనైనా ఉండొచ్చు. అందుకని ఇక్కడ పులుసు కూరలకి దూరం. అలాగే రొమెస్కో అని ఎర్రటి సాస్, బాదం, హేజల్ నట్, ఎండు మిరప, టమాటాతో చేస్తారు. చలికాలంలో కల్సోట్స్ అని పొడుగాటి ఉల్లికాడలు మంట మీద కాల్చి అలాంటి సాస్‌లోనే ముంచుకుని తింటారు, మీరొచ్చేసరికి సీజన్ మొదలవుతుంది, మీ తమ్ముడి ఫ్రెండ్స్ ఎవరైనా పిలిస్తే పాపకి ఉల్లికాడలు ఉప్పు, ఆలివ్ నూనెతో పెట్టండి, సాస్ వద్దు. గ్రనడా వైపు వెళ్తే అహో బ్లాంకో అని తెల్లటి చల్ల సూపు ఉంటుంది, అది మొత్తం బాదమే. చికెన్ "పెపితోరియా" అని ఉంటే అందులోనూ బాదమే.

మరి ఏం తినాలి అంటారా, చాలా ఉన్నాయి. ప్లాంచా అంటే పెనం మీద కాల్చిన చేప, కాల్చిన చికెన్, తోర్తియా అంటే ఆలుగడ్డ గుడ్డు కలిపి మందంగా వేసే ఆమ్లెట్, మా బాబుకి ప్రాణం అది, మధ్యలో కొంచెం పచ్చిగా జారుతూ ఉంటుంది, బాగా కాల్చమంటే కాల్చిస్తారు. బ్రెడ్డు మీద టమాటా రుద్ది ఆలివ్ నూనె పోసేది, కాల్చిన వంకాయ, క్యాప్సికం కలిపిన ఎస్కలివాదా, పాద్రోన్ మిరపకాయలు వేయించి రాళ్ళ ఉప్పు చల్లినవి. వీటి అసలు రెసిపీల్లో నట్స్ ఉండవు, అయినా ప్రతిచోటా ఒకసారి అడగడమే. వంట పేరు చెప్పి "ఇది సేఫా" అని అడిగితే తొందరలో తలూపేస్తారు, "లా సాల్సా లేవా అల్మెంద్రా?" అంటే సాస్‌లో బాదం ఉందా అని అడగండి, అప్పుడు వంటింట్లోకి వెళ్ళి కనుక్కుంటారు. ఒక కార్డు మీద "మి ఇహా ఎస్ అలెర్హికా" అంటే మా పాపకి అలర్జీ అని రాయించి కింద అల్మెంద్రా, అనకార్దో, పిస్తాచో అని ఉంచుకోండి, మీ తమ్ముడితో స్పానిష్‌లో ప్రింట్ తీయించండి, వెయిటర్‌కి చూపించి ఊరుకోవద్దు, వంటింటికి పంపించమనండి.

గోదారి_శీను:
మేడమ్, నాకు రొయ్యలు, పీతలు పడవు. మాది భీమవరం దగ్గర, మా చుట్టాలందరివీ రొయ్యల చెరువులే. కిందటేడు మేం వాలెన్సియా వెళ్ళాం కాబట్టి పాయెయా గురించి నేను చెప్తాను.

మన దగ్గర ఫొటోల్లో చూసే రొయ్యలు పరిచిన పాయెయా సముద్రం రకం. వాలెన్సియా వాళ్ళ అసలు పాయెయాలో చికెన్, కుందేలు, వెడల్పు బీన్స్, గర్రోఫో అని పెద్ద తెల్ల చిక్కుడు గింజలు, కుంకుమపువ్వు, ఒక్కోసారి రోజ్‌మేరీ రెమ్మ, ముఖ్యంగా ఇవే. నట్స్ లేవు, మీ పాపకి ఇదే కరెక్టు. కుందేలు వద్దనుకుంటే ముందే చెప్పాలి, కొన్నిచోట్ల చికెన్‌తోనే చేస్తారు. కొందరు నత్తలు కూడా వేస్తారు, అదీ అడగండి. మధ్యాహ్నం భోజనానికే వెళ్ళండి, అక్కడివాళ్ళు రాత్రిపూట పాయెయా తినరు, రాత్రి వేడి చేసి ఇచ్చేది టూరిస్టులకే. ఆర్డర్ ఇచ్చాక అప్పటికప్పుడు బియ్యం పోసి వండుతారు కాబట్టి టైమ్ పడుతుంది, మన అలర్జీవాళ్ళకి అదే మంచిది, మనకోసం విడిగా పెనం పెడతారు కదా. ఆల్బుఫేరా సరస్సు దగ్గర ఎల్ పల్మార్ అని ఊరుంది, వరి పొలాల మధ్యలో, వీధంతా ఇవే హోటళ్ళు, పడవ కూడా ఎక్కించొచ్చు. అడుగున మాడీ మాడనట్టు పట్టుకున్న అన్నం ఉంటుంది, సోకర్రాత్ అంటారు, స్పూన్‌తో గీకి గీకి తింటారు, పాపకి ఆ ముక్క వదలకుండా పెట్టండి.

నాలాగా రొయ్య పడనివాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, ప్లేట్‌లో రొయ్య కనపడకపోతే సరిపోదు, అన్నం ఉడికించిన నీళ్ళు ఏంటో అడగండి. అరోస్ ఆ బాందా అనేదాంట్లో పైన ఏమీ కనపడకపోయినా చేపలు, రొయ్య తలకాయలు మరిగించిన నీళ్ళతోనే వండుతారు. ఇంకోటి వేపుడు నూనె, ఒకే బాండీలో రొయ్యలూ, స్క్విడ్డూ, ఆలూ చిప్స్ అన్నీ వేస్తారు. ఒక హోటల్లో నేను చిప్స్ మాత్రమే తిని ఒళ్ళంతా దద్దుర్లు వచ్చి టాబ్లెట్ వేసుకున్నాను, ఆ తర్వాత నుంచి "మిస్మో అసేయితే?" అంటే అదే నూనేనా అని అడగకుండా వేపుడు ముట్టుకోలేదు. మీ పాపకి కూడా బాదం వేపిన నూనె ఉండొచ్చు, అడగండి.

గ్రనడాలో ఒక అలవాటుంది, డ్రింక్ ఏది ఆర్డర్ ఇచ్చినా, పిల్లలకి జ్యూస్ చెప్పినా సరే చాలా బార్లలో దాంతోపాటు ఒక చిన్న ప్లేటు ఫ్రీగా వస్తుంది, ఏం వస్తుందో మన చేతిలో ఉండదు. అందుకని డ్రింక్ చెప్పకముందే అలర్జీ సంగతి చెప్పేయాలి, ప్లేటు వచ్చాక చెప్తే లాభం లేదు.

సిరి_వాళ్ళమ్మ:
ఎంత వివరంగా రాశారండీ ఇద్దరూ, చాలా చాలా థాంక్స్, స్క్రీన్‌షాట్లు తీసి మా ఆయనకీ అత్తయ్యగారికీ పంపాను. పైన్ నట్స్ సంగతి నాకస్సలు తెలీదు, రేపే డాక్టర్‌కి ఫోన్ చేస్తాను. స్వీట్స్ సంగతేంటి? చుర్రోస్, ఐస్‌క్రీమ్, ఇంకా వాలెన్సియాలో ఏదో పాలలాంటి డ్రింక్ ఫేమస్ అంటున్నారు, టైగర్ నట్ అని చదివి భయపడ్డాను.

బార్సిలోనా_కోడలు:
అది ఓర్చాతా అక్కా. పేరులో నట్ ఉంది గానీ అది చూఫా అని భూమిలో పెరిగే చిన్న దుంప, వాలెన్సియా పక్కన అల్బోరాయాలో పండిస్తారు. బాదం కుటుంబం కాదు. అయినా పాప ఎప్పుడూ తాగలేదు కదా, డాక్టర్‌ని అడిగి మొదట కొంచెమే ఇవ్వండి, బాదంతో చేసే ఓర్చాతా కూడా ఉంటుంది కాబట్టి "దే చూఫా" అని చెప్పి తీసుకోండి. చుర్రోస్ పిండి అంటే గోధుమపిండి, నీళ్ళు, ఉప్పు, అంతే, ముంచుకునే చాక్లెట్ పొడి డబ్బా మాత్రం చూపించమనండి, నట్స్ ట్రేసెస్ అంటే ఆనవాళ్ళు ఉండొచ్చు అని రాసి ఉంటుంది ఒక్కోసారి. అలా రాయాలని రూల్ లేదు, కంపెనీ ఇష్టం, కాబట్టి రాయలేదు అంటే లేనట్టు కాదు.

ఐస్‌క్రీమ్ షాపులో గిన్నెల్లోంచి తీసేది వద్దే వద్దు. పిస్తా, హేజల్ నట్, తురోన్ ఫ్లేవర్లు పక్కపక్కనే ఉంటాయి, ఒకే స్కూపు అటూ ఇటూ తిరుగుతుంది. ప్యాకెట్‌లో సీల్ ఉన్నది లేబుల్ చదివి కొనండి. హోటల్లో అయితే క్రెమా కతలానా, ఫ్లాన్ మంచివి, పాలు, గుడ్డు, పంచదారతో చేస్తారు, పైన ఏమీ చల్లొద్దు అని చెప్పండి.

మీరొచ్చే టైమే కొంచెం కష్టమైన టైమ్, క్రిస్మస్ స్వీట్లన్నీ బాదమే. తురోన్ అంటే బాదం, తేనె అచ్చు, తోలేదో వైపు మసపాన్ అంటే బాదం పంచదార ముద్ద, పోల్వొరోనెస్ బిస్కెట్లలో బాదంతో పాటు పంది కొవ్వు కూడా ఉంటుంది, మీరు పోర్క్ తినరు కాబట్టి పెద్దవాళ్ళు కూడా చూసుకోండి. షాపుల్లో రుచి చూడమని పళ్ళెంలో ముక్కలు పట్టుకుని చేతికిస్తారు, పిల్లలకి మరీ ప్రేమగా ఇస్తారు, పాపకి ముందే చెప్పి ఉంచండి.

డబ్లిన్_నర్సమ్మ:
తిండి సంగతి అందరూ చెప్పారు, మందు సంగతి నేను చెప్తాను. నేను ఎమర్జెన్సీలో పనిచేస్తాను. అడ్రినలిన్ పెన్ (అలర్జీ తీవ్రమైతే వెంటనే ఇచ్చే రెడీ ఇంజెక్షన్) ఉంటే రెండు పట్టుకెళ్ళండి, ఒకటి సరిపోకపోవచ్చు. మన దగ్గర పెన్ అంత సులువుగా దొరకదు కాబట్టి మీ డాక్టర్ ఏది ఇచ్చారో దాన్ని ఎలా వాడాలో ఇంట్లో పెద్దవాళ్ళందరూ ఒకసారి ప్రాక్టీస్ చేయండి. హ్యాండ్ లగేజ్‌లోనే పెట్టండి, ఫ్రిజ్‌లో వద్దు, పాప బరువుకి డోసు ఎంతో రాసిన డాక్టర్ లెటర్ ఇంగ్లీష్‌లో దగ్గరుంచండి. సిట్రిజిన్ దురదకి పనిచేస్తుంది, గొంతు వాచినా ఊపిరి ఆడకపోయినా అది ఆపలేదు, దాన్ని వేసి చూద్దాం అని టైమ్ పోగొట్టొద్దు. తొడ బయటి వైపు మధ్యలో ఇంజెక్షన్ ఇచ్చి, పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పెట్టి 112కి ఫోన్ చేయండి. ఊపిరి ఆడక అవస్థ పడుతుంటే కూర్చోబెట్టొచ్చు గానీ లేపి నడిపించొద్దు. ఐదు నిమిషాలకీ తగ్గకపోతే రెండోది. తగ్గిపోయినా హాస్పిటల్‌కి వెళ్ళాల్సిందే, కొన్ని గంటల తర్వాత మళ్ళీ రావచ్చు.

షెంగెన్ వీసాకి ఎలాగూ 30,000 యూరోల మెడికల్ ఇన్సూరెన్స్ తీసుకుంటారు కదా, ముందునుంచీ ఉన్న అలర్జీకి కవర్ అవుతుందో లేదో పాలసీలో చదవండి, చాలామంది అది చూడరు.

బెజవాడ_వెజ్:
నాది వేరే కేసు, శెనగలు పడవు నాకు. శెనగ ఆ 14లో లేదు కాబట్టి ఏ ఫోల్డర్‌లోనూ టిక్కు ఉండదు, నోటితో అడగాల్సిందే. మాద్రిద్‌లో కొసీదో అంటే శెనగల పులుసు అని తెలుస్తుంది, కానీ దక్షిణాన చేపల వేపుడు పిండిలో శెనగపిండి కలిపేది నేను ఊహించలేదు. "గర్బాన్సో" అని కార్డు మీద రాసుకున్నాను. ఇంకోటి, పల్లీ అలర్జీ ఉన్నవాళ్ళు ఎవరైనా చదువుతుంటే, బార్లలో ఉప్పునీళ్ళలో నానిన పసుపు రంగు చపటి గింజలు పెడతారు, అల్త్రమూసెస్ అంటారు, అదే లూపిన్, పల్లీ పడనివాళ్ళలో కొందరికి అదీ పడదు.

బార్సిలోనా_కోడలు:
చివరగా ఒకటి మర్చిపోయాను అక్కా. జనవరి 6న తినే రోస్కోన్ అనే గుండ్రటి కేక్ మీద బాదం పలుకులు ఉంటాయి, ఏరేసి పెట్టడం కుదరదు, ఇంట్లోనే చేసుకుందాం, మా ఇంటికి రండి, మేము ప్రతి ఏడూ పంచదార, ఆరెంజ్ ముక్కలతోనే చేస్తాం. ముందురోజు సాయంత్రం, బాల ఏసుని చూడ్డానికి వచ్చిన మూడు రాజుల ఊరేగింపులో బళ్ళ మీద నుంచి పిల్లల మీదకి చాక్లెట్లు, క్యాండీలు విసురుతారు, పాప తప్పకుండా చూడాలి అది. ఏరుకున్నవన్నీ సంచిలో వేసుకోమనండి, ఇంటికొచ్చాక కాగితం మీద రాసింది నేను చదివి పెడతాను, రాతలేనివి మావాడికీ ఇవ్వం, పక్కన పెట్టేస్తాం.