క్యూకా సరస్సు గట్టున ఫ్రాంక్ వారి వైనరీ: తీగల మొదళ్ళకి మట్టి ఎందుకు ఎగదోస్తారు?

రోచెస్టర్_కోడలు:
నమస్కారం అండీ. థాంక్స్‌గివింగ్ సెలవుల్లో అత్తగారినీ మామగారినీ న్యూయార్క్ రాష్ట్రంలోని ఫింగర్ లేక్స్ సరస్సుల వైపు తీసుకెళ్ళాం. మామగారు మందు ముట్టరు. అయినా సరస్సు అక్కణ్ణుంచి బాగా కనిపిస్తుందని డాక్టర్ కాన్‌స్టంటిన్ ఫ్రాంక్ వైనరీ (ద్రాక్షతోట, వైన్ తయారీ ఒకే చోట) దగ్గర ఆగాం. మేం లోపల రుచి చూస్తుంటే ఆయన బయట చలిలో తోట అంచునే నడుస్తున్నారు. వచ్చీ రాగానే ఒకటే ప్రశ్న: "ప్రతి తీగ మొదట్లోనూ మట్టి గుట్టగా పోశారు, ఎందుకమ్మా?" నాకు తెలియదు. మా పిల్లాడి వెనక పరిగెత్తుతూ టూర్‌లో సగమే విన్నాను.

ఇంకో రెండు సందేహాలు. ఈ వైనరీ 1962లో పెట్టారట. హామండ్స్‌పోర్ట్ ఊరి దగ్గర ప్లెజంట్ వ్యాలీ వాళ్ళది 1860 నాటిది. నూరేళ్ళు ఆలస్యంగా వచ్చినవాళ్ళని పట్టుకుని "మొదలెట్టింది వీళ్ళే" అంటారేం? పక్కనే బుల్లీ హిల్ అనే వైనరీలో సీసాల మీద మేక బొమ్మ ఎందుకుంది?

కార్నింగ్_పాతకాపు:
ముందు మీ మామగారికి ఓ దండం. ఇరవై ఏళ్ళుగా వచ్చిన చుట్టాలందర్నీ ఆ కొండ మీదికి తిప్పుతున్నాను. అందరూ సరస్సు వైపు తిరిగి ఫొటోలు దిగినవాళ్ళే గానీ, కిందికి చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ మట్టిలోనే ఉంది కథంతా.

1860లో ఇక్కడ వైన్ చేసిన మాట నిజమే, కానీ అది కటాబా, డెలావేర్ లాంటి అమెరికా ద్రాక్షతో. కాంకర్డ్ అనే అమెరికా ద్రాక్ష జ్యూస్ తాగారుగా, ఆ వాసన గుర్తు తెచ్చుకోండి. యూరప్ రకాలు (రీస్లింగ్, షార్డొనే వగైరా, వీటినే వినిఫెరా అంటారు) అమెరికా తూర్పు వైపు ఎవరు నాటినా చచ్చిపోయేవి. అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ అంతటివాడు వర్జీనియాలో తన మాంటిచెల్లో ఎస్టేటులో మళ్ళీ మళ్ళీ నాటించి ఓడిపోయాడు. ఒక శత్రువు ఫైలోక్సెరా అనే వేరుపురుగు. అమెరికా తీగలు దాన్ని తట్టుకుంటాయి, యూరప్ వేళ్ళు తట్టుకోలేవు. తెగుళ్ళు సరేసరి. ఇక న్యూయార్క్‌లో అందరూ చలి వైపు వేలు చూపించి చేతులెత్తేశారు.

ఫ్రాంక్ దానికి ఒప్పుకోలేదు. ఆయన 1899లో ఒడెస్సా ప్రాంతంలో పుట్టిన జర్మన్ కుటుంబీకుడు. చలిప్రాంతంలో వినిఫెరా పెంచడం మీదే డాక్టరేట్ చేశాడు. ఉక్రెయిన్‌లో శీతాకాలం వస్తే తీగల్ని మట్టిలో పూడ్చి కాపాడేవాళ్ళు. అక్కడ బతికింది ఇక్కడ ఎందుకు చస్తుందని ఆయన వాదన. కానీ వినేదెవరు? 1951లో అమెరికాలో దిగేనాటికి వయసు యాభై దాటింది. భాషలు చాలా వచ్చు, ఇంగ్లీషు తప్ప. ఇక్కడి (న్యూయార్క్ రాష్ట్రం) జెనీవా ఊళ్ళోని వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో దొరికిన పని, బ్లూబెర్రీ మొక్కల మధ్య కలుపు తీయడం! ద్రాక్ష మీద డాక్టరేట్ ఉన్నవాడి చేతికి పార ఇచ్చారు.

ఆయన్ని పట్టించుకున్నది చార్లెస్ ఫోర్నియే. వవ్ క్లికో షాంపేన్ కంపెనీ నుంచి వచ్చి, ఇక్కడ గోల్డ్ సీల్ వైనరీ నడుపుతున్న ఫ్రెంచివాడు. ఇద్దరికీ కలిసిన భాష ఫ్రెంచి. 1953లో ఉద్యోగమిచ్చాడు. ఇక ఇద్దరూ చలికాలం త్వరగా దిగే చోట్లకి వెళ్ళి గట్టి వేళ్ళ కోసం వెతికారు. క్యూబెక్‌లో ఓ కాన్వెంట్ తోటలో దొరికాయి. ఆ వేళ్ళు చలికాలానికి ముందే తీగని పండించి, గట్టిపరుస్తాయి. వాటి మీద రీస్లింగ్, షార్డొనే అంటుకట్టారు.

1957 ఫిబ్రవరిలో పరీక్ష వచ్చింది. సున్నాకి కింద 25 ఫారన్‌హీట్, అంటే మైనస్ 32 సెల్సియస్. చలిని తట్టుకుంటాయని పేరున్న అమెరికా తీగలే కొన్ని ఆ ఏడు కాయలేదు. ఫ్రాంక్ అంటుకట్టిన తీగల్లో దెబ్బతిన్న మొగ్గలు పదో వంతు కూడా లేవు. ఆ తర్వాతే సొంతంగా వినిఫెరా వైన్ సెల్లార్స్ పెట్టాడు, 1962లో. మీరడిగిన "మొదలెట్టడం" అంటే ఇదీ.

ఇప్పుడు మీ మామగారి ప్రశ్న. అంటు అతుకు నేలకి కాస్త పైన ఉంటుంది. కోత అయిపోయాక నాగలితో మట్టి ఎగదోసి దాన్ని కప్పేస్తారు. గట్టి చలికి పైన కాండమంతా చచ్చినా, మట్టి కింద అతుకు పైభాగం బతికుంటే అక్కణ్ణుంచి మళ్ళీ రీస్లింగే మొలుస్తుంది. అతుకే పోతే మొలిచేది వేరు తాలూకు అడవి తీగ. వసంతంలో ఆ మట్టి మళ్ళీ లాగేస్తారు. లాగకపోతే పై రకం సొంత వేళ్ళు తన్నుతుంది, పురుగుకి మళ్ళీ దారి దొరుకుతుంది.

ఒక్క మాట. అందరూ పెద్దాయన్నే పొగుడుతారు. నా లెక్కలో వ్యాపారం నిలబెట్టింది కొడుకు విల్లీ. తండ్రికి అదో ప్రయోగశాల, జార్జియా దేశపు ర్కత్సితెలి దాకా పదుల రకాలు నాటుకుంటూ పోయాడు. విల్లీ 1984లో చేతిలోకి తీసుకున్నాడు, పక్క ఏడే పెద్దాయన పోయాడు. ఆ ఏడాదే షాటో ఫ్రాంక్ పేరుతో నురుగు వైన్ మొదలెట్టాడు విల్లీ. 1993 నుంచి మనవడు ఫ్రెడ్, ఇప్పుడు ఆయన కూతురు మేగన్ కూడా. ర్కత్సితెలి ఇంకా అమ్ముతున్నారు. ఈసారి వెళ్తే అదే అడగండి, రీస్లింగ్ ఎక్కడైనా దొరుకుతుంది.

సెనెకా_గట్టు:
పాతకాపు గారూ, సరస్సుని మరీ ఫొటోలకి పరిమితం చేశారు. వేళ్ళు ఎంత గట్టివైనా, తోటలు గట్టు వాలులోనే ఎందుకున్నాయి? రెండు మైళ్ళు లోపలికి వెళ్తే మొక్కజొన్నా, పశువుల మేతా కనిపిస్తాయి. హిమానీనదాలు తవ్విన లోతైన సరస్సులివి, సెనెకా అయితే 188 మీటర్లు. వేసవి వేడిని నీళ్ళు పట్టి ఉంచి చలికాలమంతా కొంచెం కొంచెంగా వదులుతాయి. నాకు అంతకన్నా ముఖ్యంగా తోచేది వసంతం. నీళ్ళు చల్లగా ఉండి చిగురుని ఆలస్యం చేస్తాయి, ఏప్రిల్ ఎండకి మోసపోయి ముందే చిగిర్చి మంచుకి మాడిపోకుండా. క్యూకా లోతు 57 మీటర్లే కాబట్టి అక్కడ ఈ దన్ను కాస్త తక్కువ. అలాంటి చోట నెగ్గాడు గనక ఫ్రాంక్‌కి నేనూ దణ్ణం పెడతాను.

మేక_అభిమాని:
మేక సంగతి నేను చెప్తా. టేలర్ వైన్ కంపెనీ 1880 నాటి కుటుంబ వ్యాపారం. వాళ్ళ మనవడు వాల్టర్ ఎస్. టేలర్, పెద్ద కంపెనీలు వైన్‌లో నీళ్ళు కలుపుతున్నాయి, కాలిఫోర్నియా నుంచి ట్యాంకర్లలో తెప్పిస్తున్నాయి అని బహిరంగంగా అరిచాడు. 1970లో సొంత కంపెనీయే వెళ్ళగొట్టింది. తాతల నాటి కొండ మీద బుల్లీ హిల్ నడుపుకున్నాడు. 1977లో కోకాకోలా టేలర్ కంపెనీని కొని, ఆయన సీసాల మీద "టేలర్" అనే ఇంటిపేరు వాడకూడదని కోర్టుకెక్కింది, గెలిచింది. ఆయన లేబుళ్ళ మీద తన పేరుని నల్ల ఇంకుతో కొట్టించి అమ్మాడు! "నా పేరూ వారసత్వమూ పట్టుకుపోయారు గానీ నా మేకని పట్టుకోలేకపోయారు" అన్నాడు. ఇంగ్లీషులో ఒకడి మేకని పట్టుకోవడమంటే వాణ్ణి ఉడికించడం. అదీ ఆ బొమ్మ. కోకాకోలా 1983లో వైన్ వ్యాపారమే అమ్ముకుని పోయింది, మేక అక్కడే ఉంది.

ఇంకో తమాషా. బుల్లీ హిల్‌ది సంకర రకాల (యూరప్, అమెరికా ద్రాక్షల్ని కలిపి పుట్టించినవి) పక్షం, పక్కనున్న ఫ్రాంక్‌కి సంకర రకం పేరెత్తితే ఒళ్ళు మండేది.

కార్నింగ్_పాతకాపు:
1976 చట్టం చెప్పడం మరిచాను. పెద్ద కంపెనీలు కాయలు కొనడం తగ్గించి రైతులు విలవిల్లాడుతుంటే, రాష్ట్రం ఫార్మ్ వైనరీ చట్టం తెచ్చింది. సొంత కాయతో వైన్ చేసి తోట దగ్గరే అమ్ముకోవచ్చు అంది. ఇప్పుడు సరస్సు చుట్టూ కనిపించే కుటుంబ వైనరీల్లో చాలా వాటికి దారి తీసింది అదే. సెనెకా గారూ, సరస్సు విషయంలో ఒప్పుకున్నాను.

రోచెస్టర్_కోడలు:
అన్నీ మామగారికి చదివి వినిపించాను. మేక కథకి నవ్వారు. మట్టి సంగతి విని, "వసంతంలో లాగకపోతే పై రకం వేళ్ళు తన్నుతుందని అన్నాడు చూడు, వ్యవసాయం చేసినవాడిలా ఉన్నాడు, కనుక్కో" అన్నారు. పాతకాపు గారూ, మీరు చేశారా?

కార్నింగ్_పాతకాపు:
లేదండీ, గాజు ఫ్యాక్టరీలో ఉద్యోగం చేశాను. ఒక ఏడు నవంబరులో రెండు వారాలు సరదాకి ఓ తోటలో ఆ మట్టి తోశాను, అంతే. నడుము మాత్రం ఇప్పటికీ గుర్తుచేస్తోంది.